మొదటి లోడు దింపాక

విశాఖపట్నంలో నా ఉద్యోగం కమాన్ పట్టీలను విరగ్గొట్టడం. లారీలకీ పికప్ బళ్ళకీ వెనక ఇరుసు మీద కట్టలుగా పేర్చి బిగించే ఉక్కు పట్టీలు అవి. బండి మోసే బరువంతా చివరికి వాటి మీదే పడుతుంది. ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి రకంలోంచీ కొన్నింటిని తెచ్చి నా యంత్రానికి అప్పగిస్తారు. యంత్రం పట్టీని వంచుతుంది, వదులుతుంది, మళ్ళీ వంచుతుంది. తెగేదాకా అంతే. తెగబోయే ముందు పట్టీ మూలగదు, వంగి చూపించదు. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు చప్పుడవుతుంది. కొత్తగా చేరినవాళ్ళు ఉలిక్కిపడతారు. నేను ఉలిక్కిపడను గానీ నాకొక వాసన వస్తుంది. కాలిన ఇంజనాయిలు, బొగ్గు పొగ, పులిసిన చోడి అంబలి, నానమ్మ అడ్డచుట్ట, ఈ నాలుగూ కలిసిన వాసన. అది మా ఇంటి వాసన.

ఈమధ్య మా మావ కొడుకు చిన్ని ఫోన్ చేశాడు. కొత్త పికప్ కొన్నాడట. పెళ్ళిళ్ళకి సౌండు బాక్సులు మోస్తూ వెనక జనరేటర్ ట్రాలీ లాగాలి. కంపెనీ వాళ్ళిచ్చిన కమాన్లు ఆ బరువుకి కూర్చుండిపోతున్నాయి. నన్నొచ్చి పట్టీలు ఎక్కించమన్నాడు. ఎక్కడ చేద్దామని అడిగాను. "ఇంకెక్కడ బావా, మీ షాపులోనే. నాన్న కూడా వస్తాడట" అన్నాడు. ఆ చివరి మాట వాడు మామూలుగా అనేశాడు. నేను మాత్రం ఫోన్ పెట్టేశాక యంత్రం ఆపేశాను. మా మావ మా కమాన్ షాపు గుమ్మం తొక్కక, నేను డిప్లొమా చదివిన నాటి నుంచి ఇప్పటి దాకా, ఎంత కాలమో అయింది. పెళ్ళికో చావుకో వెనక వైపు నుంచి ఇంట్లోకి వచ్చి, వెనక వైపు నుంచే వెళ్ళిపోయేవాడు.

మా షాపు విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, రెండింటికీ మధ్య కొలిమి. జూట్ మిల్లు సైరన్ మోగగానే లోపల అమ్మ పొయ్యి వెలిగించేది, బయట నాన్న కొలిమి వెలిగించేవాడు. నానమ్మ రెండింటికీ మధ్య గడప మీద కూర్చుని అడ్డచుట్ట వెలిగించేది. నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని, పెదాలు కదపకుండా, పొగ ముక్కులోంచి వదులుతూ అందరినీ తిట్టేది. ఒళ్ళో ఎప్పుడూ ఒక వెదురు కర్ర ఉండేది. అంబలి గిన్నెలో మూతి పెట్టబోయిన మేకనీ, బూట్లతో గడప తొక్కిన డ్రైవర్నీ ఒకే బలంతో కొట్టేది. పొద్దున్న అందరికీ రాగులతో కాచిన చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ. నాన్న అంబలి నిలబడే తాగేవాడు. గిన్నె ఖాళీ కాగానే దాన్ని అమ్మ వైపు విసిరేవాడు. అమ్మ చూడకుండానే పట్టుకునేది. ఆ పట్టుకోవడం ఒక్కరోజు కూడా తప్పలేదు.

మా నాన్న సింహాచలం మేస్త్రి కోపిష్ఠి అని అందరూ అనేవారు. అది సరైన మాట కాదు. కోపం వచ్చేది, పోయేది అయితే అలా అనవచ్చు. ఆయనకి చేతిలో వస్తువు ఉండటమూ దాన్ని విసరడమూ ఒకే పని. సుత్తి, స్పానర్లు, బొగ్గు గంప, ఒకసారి నా డ్రాయింగు బోర్డు. అయితే విసిరినది మనిషికి జానెడు పక్కన పడేది, మనిషికి తగిలేది కాదు. చేత్తో కొట్టడం వేరు, అది తగిలేది. నన్ను కొట్టిన దెబ్బల్ని మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. జాకీ కింద సరైన దిమ్మ పెట్టకుండా బండి కిందికి దూరినందుకు ఒకటి. పట్టీకి పగులుందేమో వేలితో తడిమి చూడనందుకు ఒకటి. మూడోదానికి కారణం ఉండేది కాదు. మొదటి రెండూ నన్ను ప్రాణాలతో ఉంచాయని ఇప్పుడు ఒప్పుకుంటాను. మూడోదాని గురించి నేనింకా ఏ నిర్ణయానికీ రాలేదు.

ఆ పనే అలాంటిది. సాగిపోయి బల్లపరుపైన పట్టీకి మళ్ళీ వంపు తేవాలంటే దాన్ని దాగలి మీద పెట్టి, కాల్చకుండానే, సమ్మెటతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొడుతూ పోవాలి. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. ఒక్క దెబ్బ ఎక్కువైతే పట్టీ అక్కడే తెగుతుంది. నాన్న కొడుతుంటే షెడ్డు రేకులు అదిరేవి, నానమ్మ చుట్ట బూడిద రాలేది, నా పళ్ళలో ఆ దెబ్బ తెలిసేది. ఉక్కు తిరిగి తన్నేది. సమ్మెట జారి నాన్న ముంజేతి మీద పడిన మచ్చలూ, ఎగిరిన ఉక్కు పెచ్చు గుచ్చుకుని ఎడమ కంటి పక్కన మిగిలిన గంటూ ఆయన ఎవరికీ చూపించేవాడు కాదు. ఆ ఇంట్లో దెబ్బ తినని వస్తువు లేదు. అలాగని మేం ఏడుస్తూ బతికామనుకోకండి. నవ్వులు కూడా అంతే గట్టిగా ఉండేవి.

ఆ నవ్వుల్లో సగం మా మావ వల్లే. పేరు సత్తిబాబు, అమ్మకి తమ్ముడు. వాళ్ళ అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. అమ్మ పెళ్ళయి అత్తారింటికి వస్తుంటే కొంగు పట్టుకుని వచ్చాడు, మళ్ళీ వెళ్ళలేదు. అమ్మ అతణ్ణి నాకన్నా ముందు కన్న కొడుకులా పెంచింది. నాన్న పెంచిన తీరు వేరు. తిట్టి పెంచాడు. మా వైపు బావా బావమరుదుల తిట్లకి హద్దు లేదు. ఒకరి చావు ఒకరు కోరుకుంటారు, ఒకరి పెళ్ళాన్ని ఒకరు ముండ మొయ్యమంటారు, వింటున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మర్యాదగా మాట్లాడుకునే బావా బావమరుదులు కనబడితే వీళ్ళకేదో తగువుందని అనుకుంటారు. పొద్దున్న మావ నిద్ర లేవగానే "సచ్చినావనుకున్నాన్రా, బతికే ఉన్నావేటి?" అని నాన్న అడిగేవాడు. "నీ పిండం తిన్నాకే పోతాను గానీ ముందు నువ్వు దారి సూడు ముసలి గాడిదా" అని మావ అనేవాడు. నాన్న స్పానర్ విసిరేవాడు. మావ గెంతి తప్పించుకుని, ఆ స్పానర్ తీసుకుని, దాంతోనే పనిలోకి దిగేవాడు. ఆ తిట్లు వినబడుతున్నంత సేపూ అమ్మ లోపల పప్పు ఎనుపుతూ తనలో తను నవ్వుకునేది. పుట్టిల్లంటూ లేని మనిషికి ఆ తిట్లే పుట్టిల్లు.

పెళ్ళయ్యాక మావ పొందూరు పక్కన అత్తవారి ఊళ్ళో కాపురం పెట్టి, సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొన్నాడు. ఊరేగింపులకి సౌండు బాక్సులు తిప్పడం అతని వ్యాపారం. బాక్సులు బండి మీద, జనరేటర్ ట్రాలీ వెనక. బరువెక్కించగానే బండి వెనక భాగం కూలబడి, ముందు దీపాలు ఆకాశం చూసేవి. బండి తెచ్చి షెడ్డు కింద పెట్టాడు. నేను డిప్లొమా రెండో ఏడాదిలో ఉన్నాను, సెలవులు. ముగ్గురం కలిసి ఆ పని చేశాం.

ఆ పనిని ఇప్పుడు నా చేతుల్లో చూసుకోగలను. రెండు వైపులా కట్టలు దింపాం. సాగిన పట్టీలకి నాన్న వంపు తీశాడు. పగిలినదాన్ని పక్కన పారేసి కొత్తది వేశాడు. కట్టలో మరో పట్టీ పెంచాడు. దాని పైన హెల్పర్ పట్టీ పెట్టాడు. అది ఖాళీ బండికి అడ్డం రాదు, బరువు పడి కట్ట వంగినప్పుడు మాత్రమే వచ్చి భుజం కలుపుతుంది. ఊరికే లావుపాటి పట్టీలు కుక్కేస్తే బండి ఎత్తుగా కనబడుతుంది గానీ దెబ్బంతా ఛాసిస్ తింటుందని నాన్నకి తెలుసు. కట్ట మందం పెరిగింది కాబట్టి పొడుగాటి యూ బోల్టులు తెప్పించాడు. పట్టీల కట్టని ఇరుసుకి అదిమి పట్టేవి అవే. పట్టీల మధ్యలోంచి దూరే సెంటర్ బోల్టు కట్ట కదలకుండా గుర్తుగా నిలబడుతుందే తప్ప, బరువు ఆపడం దాని పని కాదు. కొత్త పట్టీల మీద రంగూ పొట్టూ ఉంటాయి. మొదటి బరువు పడగానే అవి నలిగి కట్ట కొద్దిగా పలచబడుతుంది. అప్పుడు యూ బోల్టులు, ఎవరూ విప్పకపోయినా, వదులవుతాయి. అందుకే మొదటి లోడు దింపాక బండి వెనక్కి తెచ్చి వాటిని మళ్ళీ బిగించాలి. పావు చుట్టు తిరుగుతాయి. అంతే పని.

బండి జాకీ మీంచి దిగింది. వెనక భాగం పొగరుగా నిలబడింది. మావ సీట్లో కూర్చుని ఇంజను మోగించాడు. నాన్న కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఒరే బామ్మర్దీ, మొదటి లోడు దింపీసి తిన్నగా ఇటే రా. బోల్టులు మళ్ళీ బిగించాల. రాలేదనుకో, సస్తావు. నీ ఇరుసొక దారి, నువ్వొక దారి. నీ పెళ్ళాం బొట్టు సెరిపినోణ్ణి నేనవుతాను."

"నా పెళ్ళాం బొట్టుతో నీకేటి పని రా ముసలి గాడిదా? నేను సస్తే నీ అంబలి గిన్నెలు ఎవుడి మీద ఇసురుతావు?"

"నీ సమాధి మీద ఇసురుతాను. రా అన్నానంటే రా."

"వస్తాన్రా, నీ దినానికి వస్తాను!"

షెడ్డులో ఉన్న డ్రైవర్లందరూ నవ్వారు. నానమ్మ చుట్ట నోట్లో ఉండగానే దగ్గుతూ నవ్వింది. నాన్న సుత్తి విసిరాడు. అది వెనక చక్రానికి జానెడు పక్కన పడింది. మావ హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. బండి వెళ్ళాక కూడా నాన్న రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆ సంగతి నేను చూశాను గానీ దానికి అర్థం ఉందని అప్పుడు తెలియదు.

మొదటి లోడు చీపురుపల్లికి. సెలవులు కదా, లోడెక్కే రోజు మావ దగ్గరికి పోయి నేనూ బండెక్కాను. బాక్సులు దింపాం, పెళ్ళి అయింది, మళ్ళీ ఎక్కించాం. ఈలోగా పొందూరు నుంచి ఇంకో ఊరేగింపు బేరం వచ్చింది. షాపుకి పోవాలంటే నెల్లిమర్ల వైపు వెనక్కి, పొందూరు ముందుకి. బోల్టుల మాట నేను గుర్తు చేశాను. మావ బీడీ పారేసి నవ్వాడు. "మీ నాన్న మాటలు ఇంటే నేనీపాటికి వందసార్లు సచ్చుండాల్రా అల్లుడా. ఆ నోటికి అదే రామనామం." నేనూ నవ్వాను. ఆయన సస్తావు అననిది ఎప్పుడు?

మిట్ట మధ్యాహ్నం. మావ కుడి మోచెయ్యి కిటికీ బయట పెట్టుకుని, ఎడం చేత్తో స్టీరింగు పట్టుకుని, పాట మోగిస్తూ నడుపుతున్నాడు. పొందూరు ఇంకా రాకముందే ఒక కల్వర్టు దగ్గర గోతిలో పడి లేచాం. వెనక తుపాకీ పేలింది. నాకలాగే అనిపించింది. తరవాత జరిగినది ఒకదాని తరవాత ఒకటిగా చెప్పగలను గానీ, అప్పుడదంతా ఒకేసారి జరిగింది. వదులైన యూ బోల్టుల కింద సెంటర్ బోల్టు తెగింది. కుడి వైపు ఇరుసు వెనక్కి జరిగింది. మావ స్టీరింగు ఎటు తిప్పినా బండి తన దారిన తను పోయింది. వెనక ట్రాలీ ఆగలేదు. అది మమ్మల్ని నెట్టి, అడ్డం తిరిగి, బండిని కుడి పక్కకి పడేసింది. బండి కంకర మీద రాసుకుంటూ పోయింది. దాని కింద మావ చెయ్యి రాసుకుంటూ పోయింది. బాక్సులు ఒక్కొక్కటే తాళ్ళు తెంపుకుని రోడ్డు మీద పగిలాయి. ఇంత జరిగినా పాట ఆగలేదు. ఆ పాట ఆపడానికి మావ ఎడం చేత్తో తడుముకుంటున్నాడు. అరవడం లేదు. "ఆపరా, అల్లుడా, ఆపరా దాన్ని" అంటున్నాడు.

సైకిలు మీద చిలపలు, మగ్గానికి వాడే నూలు కట్టలు, వేసుకుని పోతున్న ఒక నేతాయన ముందు పరిగెత్తుకొచ్చాడు. ఇంకొందరు కలిసి బండి ఎత్తారు. చెయ్యి బయటికి వచ్చింది గానీ అది చెయ్యిలా లేదు. ఎముక తెల్లగా, కంకర రాళ్ళు మాంసంలో. నేతాయన ఒక చిలప తీసి, మోచేతి పైన, నెత్తురు ఆగేదాకా మెలిపెట్టి కట్టాడు. సన్నటి తెల్లటి నూలు. చూస్తూ ఉండగానే ఎర్రబడి, మావ చేతికి ఎర్రటి కంకణంలా అయింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో మోచేతి కింద నుంచి తీసేశారు.

బండిని ట్రాక్టరుతో లాగించి మా షెడ్డుకి తెచ్చారు. నాన్న కిందికి దూరి చూశాడు. నన్నూ రమ్మన్నాడు. ఎడం వైపు బోల్టులు స్పానర్‌కి పావు చుట్టు తిరిగాయి. కుడి వైపువి వేళ్ళతో తిరిగాయి. సెంటర్ బోల్టు రెండు ముక్కలు. నాన్న ఆ ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని బయటికి వచ్చి, దాగలి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పూట కొలిమి వెలగలేదు. ఆయన చేతిలో ఉన్నది విసరకపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

కట్టు ఇంకా తడిగా ఉండగానే మావ వచ్చాడు. ఆటోలో, ఇద్దరు స్నేహితులతో. దిగిన వాడు దిగినట్టే షెడ్డు గోడకి ఆనించి ఉన్న పాత పట్టీ ఒకటి ఎడం చేత్తో తీసుకున్నాడు. నాన్న దాగలి దగ్గర సమ్మెట పట్టుకుని ఉన్నాడు. మావని చూసి సమ్మెట కింద పెట్టేశాడు.

"నువ్వు నాకు సెప్పలేదు" అన్నాడు మావ.

"సెప్పినాను."

"తిట్టినావు! సెప్పలేదు! ఇన్నేళ్ళు రోజూ సావమన్నావు, అందులో ఒక రోజు నిజంగా సస్తానని నాకెలాగ తెలుస్తాదిరా?"

మొదటి దెబ్బ నాన్న కుడి భుజం మీద పడింది. గూటి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఎండిన కంది కర్ర తొక్కినట్టు. రెండోది వీపు మీద. నాన్న పడలేదు, చెయ్యెత్తలేదు. ఊరంతటినీ కొట్టగల మనిషి, అడ్డం పెట్టుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు. మూడోది నెత్తి చీల్చింది. నెత్తురు కళ్ళలోకి కారింది. నేను మావ నడుం పట్టుకున్నాను. అతని స్నేహితుడు నన్ను బొగ్గుల్లోకి తోసి డొక్కలో తన్నాడు. నానమ్మ లేచింది. నోట్లోంచి చుట్ట తీసి, నిప్పున్న కొసతో, ఆ తన్నినవాడి మెడ మీద నొక్కింది. వాడు అరుచుకుంటూ రోడ్డు మీదికి పరిగెత్తాడు. నాలుగో దెబ్బకి పట్టీ పైకి లేచింది.

అప్పుడు అమ్మ వచ్చింది. కొలిమిలోని పొడుగాటి పటకారు చేతిలో ఉంది. తమ్ముడి ఎడం మణికట్టు మీద దాంతో కొట్టింది, బలమంతా పెట్టి. ఉన్న ఒక్క చేతి మీద. పట్టీ నేల మీద పడి మోగింది. మావ అమ్మని చూశాడు. అతని ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లాడి ముఖం అయిపోయింది.

"ఈయనకి సెప్పడం రాదు, నీకు ఇనడం రాదు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నాకెవుడూ వద్దు. పొండి."

ఆ పట్టీని అమ్మ పారెయ్యనివ్వలేదు. వెనక తలుపుకి అడ్డగడియగా పెట్టుకుంది. ఇప్పటికీ అదే.

కేసులు పెట్టుకోలేదు. నానమ్మ వెళ్ళి మాట్లాడింది, పెద్దలు కూర్చున్నారు, రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి. చూసేవాళ్ళకి అంతా సర్దుకున్నట్టే. కానీ ఆ తరవాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు 'మీరు' అనుకోవడం మొదలుపెట్టారు. "బావగారూ, బాగున్నారా?" "బాగున్నానండి. తమరు కాఫీ పుచ్చుకున్నారా?" నానమ్మ పోయినప్పుడు మావ పాడె మొయ్యడానికి వచ్చి, "బావగారూ, అనుమతిస్తే నేనొక పక్క పట్టుకుంటాను" అన్నాడు. ఆ మాట విని అమ్మ పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. అత్తగారి కోసం ఏడుస్తోందనుకున్నాను. "ఆళ్ళు కొట్టుకున్న రోజు నాకింత నొప్పి లేదురా" అంది. "ఒక్క తిట్టు తిట్టుకోమని సెప్పరా నాయనా. పరాయోళ్ళలాగ మాటాడుకుంతన్నారు."

నాన్న అందరితోనూ మారిపోయాడు. కుడి చెయ్యి భుజం దాటి లేవకుండా పోయింది కాబట్టి సమ్మెట జీతగాళ్ళ చేతికి వెళ్ళింది. తిట్టడం, విసరడం పూర్తిగా మానేశాడు. బండి కిందికి దూరిన జీతగాడు దిమ్మ పెట్టకపోతే, "బాబూ, దయచేసి దిమ్మ పెట్టుకోండి" అనేవాడు. వాళ్ళు భయపడేవారు. ఇంకో పద్ధతి కూడా పెట్టుకున్నాడు. షెడ్డు పక్కన పెద్ద పెద్ద రాళ్ళు పోయించాడు. పట్టీలు ఎక్కించిన ప్రతి బండిలోనూ ఆ రాళ్ళు నింపించి, గోతుల రోడ్డు మీద ఒక చుట్టు తిప్పించి, రాళ్ళు దింపించి, తన ఎదుటే బోల్టులు మళ్ళీ బిగించి గానీ బండి వదిలేవాడు కాదు. ఎవరికీ ఏదీ చెప్పవలసిన అవసరం లేకుండా చేసుకున్నాడు. నిజానికి పని మెరుగైంది. షాపు మాత్రం ఆసుపత్రిలా అయిపోయింది.

అప్పటి ఇంటినీ ఇప్పటి నా ల్యాబునీ పక్కపక్కన పెట్టి చూస్తుంటాను. ల్యాబులో అరిచేవాళ్ళు లేరు. మేం తయారుచేసే ప్రతి కట్టతోనూ ఒక కాగితం పంపుతాం. మొదటి లోడు తరవాత బిగించాలని అందులో ఎర్ర గడిలో, మర్యాదగా, నాలుగు భాషల్లో ఉంటుంది. విరిగి తిరిగొచ్చిన కట్టల్ని విప్పి చూసేది నేనే. ఆ కాగితం తరచు మడత కూడా విప్పకుండా అట్టపెట్టెలోనే ఉంటుంది. నాన్న తిట్టు నవ్వులో పోయింది, మా మర్యాద నిశ్శబ్దంలో పోతోంది. కొట్టే చేతిని నేను పొగడను. ఆ దెబ్బల గుర్తులు నా ఒంటి మీదా ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో మనిషి చస్తాడేమోనన్న భయం ఒకటుండేది, దానికి వేరే భాష లేక ఆ భాషలో బయటికి వచ్చేది. ఇప్పుడు భాష బాగుపడింది. భయం ఎక్కడికి పోయిందో తెలియదు.

చిన్ని బండి తెచ్చాడు. మావ పక్క సీట్లో ఉన్నాడు, దిగలేదు. నాన్న షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జీతగాళ్ళెవరూ ఇప్పుడు లేరు. రాళ్ళ మధ్య గడ్డి మొలిచింది. వాటిని ఎత్తే మనుషులు లేరు. "బావగారూ" అన్నాడు మావ కిటికీలోంచి. "రండి, రండి" అన్నాడు నాన్న. అంతే. నేను హైడ్రాలిక్ జాకీలు పెట్టి, కట్టలు దింపి, కొత్త హెల్పర్ పట్టీలు వేసి, పొడుగు యూ బోల్టులు ఎక్కించి, లెక్క ప్రకారం బిగువు రాగానే టక్కుమనే స్పానర్‌తో బిగించాను. మావ దిగకుండా అంతా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

"అయిపోనాదా బావా?" అన్నాడు చిన్ని, ఫోన్లోంచి తలెత్తకుండా.

"అయింది. మొదటి లోడు దింపాక తిరిగి ఇక్కడికే రావాలి. బోల్టులు మళ్ళీ బిగించాలి."

"అలాగే బావా."

ఆ 'అలాగే' నాకు బాగా తెలుసు. మావకి ఇంకా బాగా తెలుసు. ఎడం చేత్తో తలుపు తీసుకుని కిందికి దిగాడు. షెడ్డులోకి వచ్చి, నాన్న కుర్చీ ముందు నిలబడ్డాడు.

"బావగారూ, ఆడికి మీరు సెప్పండి."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "చిన్నిబాబూ, మొదటి లోడు దింపాక తమరొకసారి వస్తే బాగుంటాది."

"వస్తాను మావయ్యా" అన్నాడు చిన్ని. బొటనవేలు ఫోన్ మీద ఆగలేదు.

"ఇలాగ కాదు" అన్నాడు మావ. "ఇది బ్యాంకోళ్ళు ఫోన్లో సెప్పినట్టున్నాది. నాకెలాగ సెప్పినావు? అలాగ సెప్పు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాన్న తలెత్తి చూశాడు.

"నీకు సెప్తే ఏటైనాది?"

"ఆ రోజు నేను నవ్వినాను." మావ మొండి చెయ్యి పైకెత్తి కొడుకు వైపు చూపించాడు. "ఈడు నవ్వకుండా నేను సూసుకుంటాను. నువ్వు తిట్టు."

నాన్న దవడ కదిలింది. తుప్పు పట్టిన మర తిప్పుతున్నట్టు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. తరవాత, "ఒరే" అన్నాడు, చాలా చిన్నగా. ఆ తరవాత రేకులు అదిరాయి.

"ఒరే చిన్నిగా! పందికి పుట్టినోడా! ఆ ఫోను ముందు పొయ్యిలో పెట్టు! లోడు దింపీసి నా గుమ్మంలోకి రాలేదనుకో, నీ ఇరుసు ఊడి, నువ్వు గోతిలో పడి సస్తావు, నీ శవాన్ని నీ ట్రాలీయే తొక్కుతాది, నీ నెత్తురు కుక్కలు నాకుతాయి!"

"పందెవుడ్రా, ముసలి గాడిదా?" అన్నాడు మావ.

"నువ్వేరా! ఒంటి రెక్క పందీ!"

"నీ రెక్క మాత్రం లేస్తాదేటి? దురదొస్తే గోక్కోడానికి నీకూ మనిషి కావాల!"

నాన్న ఎడం చేత్తో పక్కనున్న స్పానర్ అందుకుని విసిరాడు. ఆ చేతికి గురి లేదు. జానెడు పక్కన పడవలసింది కొత్త బండి తలుపుకి తగిలి పెద్ద సొట్ట పడింది. చిన్ని ఫోన్ జారవిడిచి రెండడుగులు వెనక్కి గెంతాడు. మావ వాడి మెడ వెనక పట్టుకుని, "ఇన్నావా? ఏటి సెప్పినాడు? మళ్ళీ సెప్పు" అన్నాడు. "లోడు దింపీసి… తిన్నగా ఇక్కడికి" అన్నాడు వాడు. "బేగి రా అన్నాడు. అది కూడా సెప్పు" అన్నాడు మావ, నాన్న ఆ మాట అననే లేదు గానీ.

లోపల గిన్నె పడిన చప్పుడైంది. అమ్మ పరిగెత్తుకొచ్చింది, జుట్టు ముడి ఊడిపోయి, చేతిలో ఆ పాత పటకారు. మావ వైపు ఒకసారి, నాన్న వైపు ఒకసారి, ఎవరిని ముందు కొట్టాలా అన్నట్టు చూసింది.

"ఏటీ లేదప్పా" అన్నాడు మావ అక్కతో. "బావ సెప్తన్నాడు."

పటకారు కొన మెల్లగా నేలకి దిగింది.

"సెప్పనీ" అంది. నానమ్మ కూర్చునే గడప మీద కూర్చుంది. నాన్న మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

చిన్ని మొదటి లోడు దింపి తిన్నగా షాపుకే వచ్చాడు. నేను కిందికి దూరి స్పానర్ వేశాను. ప్రతి బోల్టూ పావు చుట్టు తిరిగింది.